ప్రసూతి, నవజాత శిశువు, యూరాలజీ పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెడికల్ కాలేజీ లైబ్రరీ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకి ఏటా అవే సందేహాలు వినిపిస్తుంటాయి. ఎంబీబీఎస్ పిల్లలు ఒకటి అడుగుతారు, నర్సింగ్ వాళ్లు ఒకటి అడుగుతారు. కూతురి కానుపు కోసం ఆసుపత్రికి వచ్చి, తలుపు తీసి ఉందని లోపలికి తొంగిచూసే పెద్దావిడ అడిగేది ఇంకొకటి. ఆ ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇక్కడున్నది పుస్తకాల గురించి చెప్పే మాట మాత్రమే, వైద్యం చేసే డాక్టర్ మాటకు బదులు కాదు.

## కొనేముందు

ఏ పుస్తకం బెస్ట్ సార్? ఒక్క పేరు చెప్పండి చాలు.

మీరెవరో తెలియకుండా పేరు చెప్పలేను. లేబర్ రూమ్‌లో రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సుకి పనికొచ్చే పుస్తకం వేరు, ఫైనలియర్ పరీక్షకి కావలసింది వేరు, ఎంసీహెచ్ యూరాలజీ (మూత్ర వ్యవస్థ సర్జరీలో సూపర్ స్పెషాలిటీ చదువు) చేసే డాక్టర్‌కి కావలసింది మరీ వేరు. పుస్తకం చేతికి రాగానే ముందుమాట తిరగేయండి. ఇది ఎవరి కోసం రాశామన్నది రచయితలు అక్కడ చెప్పేస్తారు. తర్వాత పేజీ తిప్పి ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడండి. ఈ రెండూ చూడకుండా సీనియర్ చెప్పాడని కొన్న పుస్తకాలే హాస్టల్ అలమారాల్లో దుమ్ము పట్టి కనిపిస్తుంటాయి.

ఓబీజీకి (ప్రసూతి, గైనకాలజీకి) దత్తా ఒక్కటే సరిపోతుందా, విలియమ్స్ కూడా కొనాలా?

ఎంబీబీఎస్ వరకు దత్తా సరిపోతుంది. డి.సి. దత్తా రాసిన ప్రసూతి, గైనకాలజీ సంపుటాలు రెండూ విడివిడిగా దొరుకుతాయి, ఇప్పుడు వాటికి సంపాదకుడు హీరాలాల్ కోనార్. మన ఆసుపత్రుల్లో కనిపించే రక్తహీనత, గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్), ఆలస్యంగా వచ్చిన రిఫరల్ కేసులు అందులో మనకు అర్థమయ్యే తీరులో ఉంటాయి. గైనిక్‌కి షా పుస్తకం చదివేవాళ్లూ ఎక్కువే. రెండింట్లో మీకు నచ్చింది ఒకటి తీసుకోండి, రెండూ అక్కర్లేదు.

విలియమ్స్ మొదటిసారి 1903లో వచ్చింది. జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన జె. విట్రిడ్జ్ విలియమ్స్ రాశారు. నూరేళ్లు దాటినా కొత్త ఎడిషన్లు వస్తూనే ఉన్నాయి. పీజీలో చేరాక దాని విలువ తెలుస్తుంది. ఎంబీబీఎస్‌లో కొంటే చాలామంది మొదటి నాలుగు చాప్టర్ల దగ్గరే ఆగిపోతారు. లైబ్రరీలో ఉంటుంది, కావలసిన చాప్టర్ వచ్చి చదువుకోండి.

ఘాయ్‌లో నవజాత శిశువు చాప్టర్ ఉంది కదా, వేరే పుస్తకం ఎందుకు?

పరీక్ష వరకే అయితే అవసరం లేదు. ఘాయ్ పీడియాట్రిక్స్‌లో ఆ చాప్టర్ చక్కగా ఉంటుంది. కానీ ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ పసిబిడ్డల ప్రత్యేక వార్డులో, పోస్టింగ్ పడితే సంగతి మారుతుంది. పద్నాలుగు వందల గ్రాముల బిడ్డకు పాలు ఎంత, ఫ్లూయిడ్ ఎంత, ఎప్పుడు పెంచాలి అనే లెక్కలు అక్కడ రోజూ కావాలి. దానికి ఎయిమ్స్ నియోనాటాలజీ ప్రోటోకాల్స్ పుస్తకం గానీ, క్లోహెర్టీ మాన్యువల్ గానీ చేతిలో ఉండాలి. మెహర్‌బాన్ సింగ్ రాసిన నవజాత శిశు సంరక్షణ పుస్తకం నర్సులకీ బాగా అర్థమవుతుంది, వనరులు తక్కువున్న చోట ఏం చేయాలో ఓపిగ్గా చెబుతుంది.

యూరాలజీకి ఎంబీబీఎస్‌లో విడిగా పుస్తకం కొనాలా?

వద్దు. యూరాలజీ మీకు సర్జరీలో భాగంగానే వస్తుంది. బెయిలీ అండ్ లవ్‌లో కిడ్నీ, మూత్రాశయం, ప్రోస్టేట్ చాప్టర్లు చదివితే చాలు. క్యాంప్‌బెల్ అనేది పెద్ద ప్రపంచం. 1954లో మెరెడిత్ క్యాంప్‌బెల్ పేరుతో మొదలై, ఇప్పుడు క్యాంప్‌బెల్-వాల్ష్-వైన్ పేరుతో సంపుటాలుగా వస్తోంది. అది యూరాలజిస్టు కాబోయేవాళ్ల కోసం. సరదాగా కూడా కొనొద్దు, బరువు చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొంటే తప్పా? ఎంత పాతదైతే పర్వాలేదు?

తప్పేం లేదు. కానీ ఒక్కో సబ్జెక్టు ఒక్కో వేగంతో పాతబడుతుంది. అనాటమీ, పేషెంట్‌ని పరీక్ష చేసే పద్ధతి, పాల్పేషన్ (చేత్తో తడిమి చూడడం) లాంటివి పదేళ్ల పాత పుస్తకంలో చదివినా నష్టం లేదు. వైద్యం చేసే పద్ధతి, మందుల డోసు, చట్టం మాత్రం అలా కాదు.

పుట్టగానే ఏడవని బిడ్డకు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వాలని 2010కి ముందు పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పుడు నెలలు నిండిన బిడ్డకైతే మామూలు గాలితోనే మొదలుపెడతారు. ఉమ్మనీటిలో బిడ్డ మలం కలిసి, బిడ్డ చురుగ్గా లేకపోతే వెంటనే ట్యూబ్ వేసి శ్వాసనాళం నుంచి పీల్చేయాలని పాత పుస్తకం చెబుతుంది. 2015 మార్గదర్శకాలతో ఆ అలవాటు మానేశారు. బొడ్డుతాడు వెంటనే కట్ చేయమని రాసిన పుస్తకాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. బిడ్డ బాగుంటే కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. నొప్పుల చురుకు దశ గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలవుతుందని మీ పుస్తకంలో ఉంటే, అదే సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో అది అయిదు సెంటీమీటర్లు.

నవజాత కామెర్లకి ఫోటోథెరపీ (లైట్ల కింద ఉంచే వైద్యం) ఎప్పుడు పెట్టాలో చెప్పే అమెరికన్ పిల్లల డాక్టర్ల అకాడమీ చార్టులు 2004లో ఒకలా, 2022లో ఒకలా ఉన్నాయి. గర్భాశయ ముఖద్వార కేన్సర్ దశల విభజన 2018లో మారింది. గర్భస్రావ చట్టం 2021లో మారింది. ఇప్పుడు ఇరవై వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు, కొన్ని వర్గాల మహిళలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో ఇరవై నాలుగు వారాల వరకు అవకాశం ఉంది. పిండానికి తీవ్రమైన లోపాలుంటే ఆ గడువు దాటినా మెడికల్ బోర్డు నిర్ణయించవచ్చు. ఇవన్నీ పరీక్షలో వచ్చేవే. నా లెక్క ఇది: ప్రసూతి, నవజాత శిశువు పుస్తకాలైతే ఒక్క ఎడిషన్ వెనక వరకు పర్వాలేదు, అంతకంటే పాతది వద్దు.

కోఠిలో సగం ధరకే ఇస్తున్నారు. అసలుదా, నకిలీదా ఎలా తెలుసుకోవాలి?

కోఠిలో నిజమైన పాత పుస్తకాలు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరినీ అనుమానించొద్దు. కొత్తదంటూ సగం ధర చెప్తే మాత్రం రంగు బొమ్మల పేజీలు తిప్పి చూడండి. అల్ట్రాసౌండ్ బొమ్మలో బూడిద రంగు ఛాయలు కలిసిపోయి నల్లటి ముద్దలా కనిపిస్తే అది జిరాక్స్ సరుకే. బైండింగ్ దగ్గర అక్షరాలు తెగిపోవడం, ఆన్‌లైన్ కోడ్ ఉండాల్సిన చోట ఖాళీగా ఉండడం కూడా గుర్తులే. చర్మం మీద దద్దుర్లో, పసిబిడ్డ కామెర్ల రంగో చూపించే బొమ్మలు అలా పాడైతే ఇక పుస్తకం కొని ఏం లాభం? అన్నిటికంటే ప్రమాదం డోసు టేబుల్‌లో దశాంశ చుక్క చెరిగిపోవడం. 0.5 కాస్తా 5 అవుతుంది.

సౌత్ ఏషియా ఎడిషన్ అంటే తక్కువ రకమా?

కాదు. మన దేశాల్లోనే అమ్మడానికి ప్రచురణకర్త తక్కువ ధరకు వేసే అసలు ముద్రణే అది. కాగితం కొంచెం పల్చగా ఉండొచ్చు. కొన్నిటిలో మన ప్రాంతపు జబ్బులు, మన టీకాల పట్టిక అదనంగా చేరుస్తారు, కాబట్టి మనకు అదే మేలు.

టెలిగ్రామ్‌లో అన్ని పీడీఎఫ్‌లూ ఫ్రీగా ఉన్నాయి, ఇంక కొనడం దేనికి?

చట్టం సంగతి అటుంచండి. అక్కడ తిరిగే ఫైళ్లలో ఎడిషన్ తెలిపే పేజీ చాలాసార్లు ఉండదు, పాత ఎడిషన్‌కి కొత్త అట్ట అతికించినవీ ఉంటాయి. ఫ్రీగా, చట్టబద్ధంగా కావాలంటే దారులున్నాయి. జాతీయ ఆరోగ్య మిషన్ వెబ్‌సైట్‌లో ప్రసూతి, నవజాత శిశువు మార్గదర్శకాలు ఉచితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణలూ ఉచితమే. యూరప్ యూరాలజీ సంఘం తన మార్గదర్శకాలను ఆన్‌లైన్‌లో చదువుకోనిస్తుంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్లకు 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. గుర్తుంచుకోండి, అవి జర్నల్సే, టెక్స్ట్‌బుక్స్ కావు.

## చదివేటప్పుడు

తెలుగు మీడియంలో చదివి వచ్చాను. ఇంగ్లిష్ పుస్తకం చూస్తే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి చాప్టర్ నుంచి మొదలుపెట్టకండి. మొదట్లో ఉండేది ఎక్కువగా అనాటమీ, పిండశాస్త్రం లాంటివి, అక్కడే నిద్ర ముంచుకొస్తుంది. వార్డులో ఇవాళ చూసిన కేసు ఏదో, ఆ పేజీ తీయండి. బీపీ పెరిగిన గర్భిణిని పొద్దున్న చూసి, సాయంత్రం ఆ చాప్టర్ చదివితే సగం మాటలు ముందే తెలిసినవై ఉంటాయి. కాన్పు, మాయ, ఉమ్మనీరు, బొడ్డుతాడు లాంటి తెలుగు మాటలు నోట్స్‌లో పక్కన రాసుకోవడానికి సిగ్గుపడకండి. రేపు పేషెంట్‌తో మీరు మాట్లాడేది ఆ మాటలే.

ఒకే విషయం మీద ఓబీజీ పుస్తకం ఒకటి, పిల్లల పుస్తకం ఒకటి, యూరాలజీ పుస్తకం ఒకటి చెబుతున్నాయి. ఏది నమ్మాలి?

చాలాసార్లు మూడూ నిజమే. ఒక్కో పుస్తకం కథలో ఒక్కో ఘట్టం దగ్గర నిలబడి చూస్తుంది. స్కానింగ్‌లో బయటపడే కిడ్నీ వాపు, అంటే హైడ్రోనెఫ్రోసిస్, దీనికి మంచి ఉదాహరణ.

ప్రసూతి పుస్తకానికి అది గర్భంలో కనిపించే కొలత. కిడ్నీ గిన్నె ముందు వెనకల వ్యాసం ఇరవై ఎనిమిది వారాల లోపు 4 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 7 మిల్లీమీటర్లు దాటితే గమనించాలంటుంది. ఉమ్మనీరు తగ్గిందా అని అడుగుతుంది. నవజాత శిశువు పుస్తకం పుట్టిన తర్వాత మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో బిడ్డ ఒంట్లో నీరు తక్కువ, మూత్రం తక్కువ, కాబట్టి వాపు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అందుకే మామూలు కేసులో నలభై ఎనిమిది గంటలు ఆగి స్కాన్ చేయమంటుంది. మగబిడ్డకు రెండు కిడ్నీలూ ఉబ్బి, మూత్రం ధార సరిగా లేకపోతే ఆగొద్దంటుంది. మూత్రం బయటికి వచ్చే దారిలో (యురెత్రాలో) కవాటాల అడ్డు ఉందేమోనన్న అనుమానం అది. యూరాలజీ పుస్తకానికి అసలు ప్రశ్న వేరు: అడ్డు నిజంగా ఉందా, కిడ్నీ పనిచేస్తోందా, ఆపరేషన్ కావాలా, లేక దానంతటదే తగ్గుతుందా? చాలామంది పిల్లల్లో తగ్గిపోతుంది కూడా.

మూడు చాప్టర్లనూ ఒకే రోజు వరసగా చదవండి. వైవాలో ఎగ్జామినర్ అడిగేది సరిగ్గా ఈ అతుకుల దగ్గరే. కష్టమైన కాన్పు తర్వాత మూత్రం ఆగకుండా కారే ఫిస్టులా కూడా ఇలాంటిదే, గైనిక్ పుస్తకంలోనూ ఉంటుంది, యూరాలజీలోనూ ఉంటుంది.

టెక్స్ట్‌బుక్‌లో ఒక డోసు, ప్రభుత్వ మార్గదర్శకంలో ఇంకో డోసు. పరీక్షలో ఏది రాయాలి?

మన దేశపు జాతీయ కార్యక్రమం గురించి అడిగితే దాని తాజా మార్గదర్శకమే రాయాలి. గర్భిణులకు ఐరన్ మాత్ర చూడండి. 2010 నాటి ఏఎన్‌ఎం మార్గదర్శకంలో 100 మిల్లీగ్రాముల ఐరన్ అని ఉంటుంది. 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్‌లో అది 60 మిల్లీగ్రాములు, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌తో కలిపి 180 రోజులు. పాత గైడు పట్టుకుని పాత అంకె రాసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. జవాబులో కార్యక్రమం పేరు, సంవత్సరం కలిపి రాస్తే దిద్దేవాళ్లకీ అనుమానం ఉండదు.

మార్గదర్శకాలు ఫ్రీగా ఉన్నప్పుడు టెక్స్ట్‌బుక్ ఎందుకు?

మార్గదర్శకం ఏం చేయాలో చెబుతుంది. ఎందుకు చేయాలో టెక్స్ట్‌బుక్ చెబుతుంది. పేషెంట్ మార్గదర్శకంలో ఉన్నట్టు రానప్పుడు, అంటే చాలాసార్లు, కారణం తెలిసినవాళ్లే నిలదొక్కుకుంటారు.

## డ్యూటీలో

స్టాఫ్ నర్సుని. లేబర్ రూమ్‌లో పెట్టుకోవడానికి ఒక్క పుస్తకం చెప్పండి.

లావుపాటి పుస్తకం వద్దు, అక్కడ దాన్ని తెరిచే తీరిక ఉండదు. చదువుకోవడానికైతే మార్గరెట్ మైల్స్ 1953లో మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ పుస్తకం ఇప్పటికీ మంచిదే, ఇంటికి తీసుకెళ్లి చదవండి. రూమ్‌లో కావలసింది గోడ మీద ప్రోటోకాల్. కాన్పు తర్వాత రక్తస్రావం, ఫిట్స్, ఏడవని బిడ్డ, ఈ మూడింటికీ ఒక్కో షీటు, కింద తేదీ, ఎవరు ఆమోదించారో సంతకం. తేదీ లేని షీటు ఎంత అందంగా ల్యామినేట్ చేసినా తీసేయండి. నవజాత శిశు సురక్షా కార్యక్రమం శిక్షణకు వెళ్లినప్పుడు ఇచ్చే మాడ్యూల్ దాచుకోండి. మాస్క్ ఎలా పట్టాలో అందులో బొమ్మలతో ఉంటుంది.

గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేట్ డోసు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది, ఎందుకు?

ఆ పుస్తకం ఎక్కడ పనిచేసేవాళ్ల కోసం రాశారో దాన్నిబట్టి తేడా వస్తుంది. ఆసుపత్రిలో వాడే ప్రిచర్డ్ పద్ధతిలో మొదట 4 గ్రాములు నరానికి, ఒక్కో పిరుదుకి 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు కండకి ఇస్తారు. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు. ప్రతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూస్తారు. సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం కోసం రాసిన మార్గదర్శకంలో మాత్రం కండకి 10 గ్రాములు ఇచ్చి వెంటనే పంపించమని ఉంటుంది, నరానికి ఇవ్వమని ఉండదు. రెండూ సరైనవే. మీ సెంటర్ ప్రోటోకాల్ ఏదైతే అదే పాటించాలి.

50 శాతం ద్రావణమైతే 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 1 గ్రాము ఉంటుంది. పుస్తకం గ్రాముల్లో చెబుతుంది, చేతిలో ఉండేది మిల్లీలీటర్లు. పొరపాటు జరిగేది ఆ మధ్యలోనే, కాబట్టి గాఢత ఆంప్యూల్ మీద చదివి పైకి చెప్పి, ఇంకొకరితో సరిచూసుకుని ఎక్కించండి. పసిబిడ్డల జెంటామైసిన్‌కీ ఇదే జాగ్రత్త. మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాములున్నదీ, 10 మిల్లీగ్రాములున్నదీ రెండూ స్టాకులో ఉంటాయి.

ఫోన్‌లో అడిగితే చెప్పేస్తోంది కదా, ఇంక పుస్తకం తెరవడం ఎందుకు?

వెతకడానికి ఫోన్ మంచిదే. డోసు మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో, ఏ సంవత్సరానిదో కనిపించాలి. అది చూపించలేని జవాబుతో సిరంజి నింపకండి.

## ఇంట్లో

మా అమ్మాయికి ఏడో నెల. తెలుగులో మంచి పుస్తకం ఏదైనా ఉందా నాయనా?

ముందు మీ దగ్గరున్నదే తీయండమ్మా. ఆసుపత్రిలో ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు మన తెలుగులోనే ఉంటుంది. ప్రమాద సూచనలు, బరువు, టీకాల తేదీలు, బిడ్డ ఎదుగుదల గీత అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని బీరువాలో భద్రంగా దాచేవాళ్లే ఎక్కువ, చదివేవాళ్లు తక్కువ.

పుస్తకం కావాలంటే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'వైద్యుడు లేనిచోట' ఎన్నో ఊళ్లలో చేతులు మారింది. డేవిడ్ వెర్నర్ మెక్సికో పల్లెల్లో పనిచేస్తూ మొదట స్పానిష్‌లో రాసిన పుస్తకానికి అది తెలుగు రూపం. స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' ఉంది. డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడే విషయాలు అందులో మన ఆడవాళ్ల మాటల్లో ఉంటాయి. ఒళ్లు ఎలా పనిచేస్తుందో, ఏం అడగాలో తెలుసుకోవడానికి ఈ రెండూ ఇప్పటికీ చదవదగ్గవే. మందుల పేర్లు, డోసులు మాత్రం వాటిలో చూసి వాడకండి, అవి పాతబడ్డాయి.

పుస్తకం చూసి బిడ్డకు ఏమైందో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

ఏం జబ్బో తెలుసుకోవడానికి కాదు, ఎప్పుడు పరుగెత్తాలో తెలుసుకోవడానికి చదవండి. రెండు నెలల లోపు బిడ్డ పాలు తాగడం మానేసినా, ఫిట్స్ వచ్చినా, నిమిషానికి అరవై లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, ఒళ్లు 37.5 డిగ్రీల సెల్సియస్‌కి చేరినా, 35.5 కంటే చల్లబడినా, కదలిక తగ్గినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి. ఆ సమయంలో పుస్తకం తెరవొద్దు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ కోసం ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డ నిద్రపోతున్నాడని పంపించేయకండి.

బాబుకి ఒక వృషణం దిగలేదన్నారు. అయిదేళ్లు వచ్చాక చూద్దామని మా పాత పుస్తకంలో ఉంది, ఆగొచ్చా?

అంత ఆగకూడదు. ఆరు నెలల వరకు దానంతటదే దిగుతుందేమో చూస్తారు. దిగకపోతే పిల్లల సర్జన్‌ని గానీ యూరాలజిస్టుని గానీ కలవాలి. ఇప్పటి మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్యలోనే చేయాలి. ఆలస్యమైతే ముందుముందు సంతానం కలిగే అవకాశం తగ్గొచ్చు. ఇంకోమాట, పసివాడి అంగం ముందు చర్మం వెనక్కి రాకపోవడం ఆ వయసులో మామూలే. ఎవరో చెప్పారని బలవంతంగా లాగకండి.

నాన్నకి ప్రోస్టేట్ అన్నారు. ఏం చదివితే అర్థమవుతుంది?

పెద్ద పుస్తకం అక్కర్లేదు. ఐపీఎస్‌ఎస్ అనే ఒక్క పేజీ ప్రశ్నావళి డాక్టర్‌ని అడిగి తీసుకోండి. ధార ఎలా ఉంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు లాంటి ఏడు ప్రశ్నలకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 7 వరకు ఉంటే తక్కువ ఇబ్బంది, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి 35 ఎక్కువ. నాన్నగారిచేతే నింపించండి, పక్కన కూర్చుని మీరు జవాబులు చెప్పకండి. రక్తపరీక్షలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ప్రోటీన్) పెరిగినంత మాత్రాన కేన్సర్ అని అర్థం కాదు. మామూలు వాపుకీ, ఇన్ఫెక్షన్‌కీ అది పెరుగుతుంది.

మా డాక్టర్ మావయ్య పుస్తకాలు రెండు పెట్టెలున్నాయి. ఊరి లైబ్రరీకి ఇచ్చేయొచ్చా?

చూసి ఇవ్వండి. అనాటమీ, వైద్య చరిత్ర, క్లినికల్ పద్ధతుల పుస్తకాలు నర్సింగ్ కాలేజీకి పనికొస్తాయి. పాత డోసు హ్యాండ్‌బుక్కులు, పదేళ్లు దాటిన చికిత్స పుస్తకాలు ఊరి లైబ్రరీలో పెట్టకండి. అక్కడ వాటిని తీసేది డాక్టర్ కాదు, జ్వరంతో ఉన్న బిడ్డ తండ్రి. విలియమ్స్ గానీ బెయిలీ అండ్ లవ్ గానీ బాగా పాత ఎడిషన్ అందులో ఉంటే మెడికల్ కాలేజీ లైబ్రరీని అడగండి. అరుదైనవైతే మేం విడి బీరువాలో పెట్టుకుంటాం. మిగతావి అట్ట మీద 'పాతది, చికిత్సకు వాడరాదు' అని రాసి ఇవ్వండి, లేదంటే కాగితానికి వేసేయండి.